తంతి: పదము, ప్రయోగము



'తంతి' యను మాట వినిన నేటి బాలురకు ఏమియు తోచదు. పెద్దలకు మాత్రము గుండె ఝల్లుమనును. ఈ భేదమునకు గల కారణము విచారింపదగినది.

సంస్కృతమునందలి 'తంత్రి' శబ్దమునకు వికృతి 'తంతి'. వీణెతీగ యని దాని పూర్వార్థము. ఈ దేశమున 1850లో కలకత్తా, డైమండు హార్బరుల నడుమ తీగపై వార్తలు పంపుట మొదలయ్యెను. 1855లో ఆ సౌకర్యము ప్రజలకును లభించెను. పిదప తెలుగువారు తమ పాతమాటకే ఈ క్రొత్తపని నప్పగించిరి. 'టెలిగ్రాఫు' అనగా గ్రీకు ధాతువులనుబట్టి 'దూరమున వ్రాయునది'. పాశ్చాత్యులు పనినిబట్టి పేరు పెట్టగా, తెలుగువారు తీగనుబట్టి పెట్టిరి. హిందీవారి 'తార్' అను మాటయు నిట్టిదే.

మొదట తీగకు పేరైన తంతి, పిమ్మట తీగపై వచ్చిన వార్తకు పేరయ్యెను. 'తంతి యిచ్చుట', 'తంతి యందుట' అను ప్రయోగము లట్లేర్పడినవి. వ్యవహారమున మాత్రము 'తంతి వచ్చినది' యన్న మాట దుర్వార్తకు పర్యాయమయ్యెను.

దీనికి రెండు కారణములు గలవు. మాటల లెక్కను రుసుము గనుక, సామాన్యులు ప్రాణముమీదికి వచ్చిననే తంతి నాశ్రయించెడివారు. ఇక రెండవది, తరచుగా ఆ కాగితముపై నుండునవి ఆంగ్లాక్షరములు. చదువగలవారు దొరకువరకు ఇంటిల్లిపాదియు విలపించెడివారు. తీరా చూడ నది ఉద్యోగము దొరికిన వార్తయో, పెండ్లికి పంపిన శుభాకాంక్షయో కావచ్చును! శుభాకాంక్షలకు ముందే వాక్యములు కూర్చి, వానికి సంఖ్యలు నిర్ణయించియుండిరి. పంపువాడు సంఖ్య చెప్పిన చాలును. అంత సులభముగా వచ్చిన దీవెనయు, చదువురాని యింట గడియసేపు శోకమయ్యెడిది. ఆ భయమున సగము చదువు లేమివలన గలిగినదే.

'తంతి తపాలా శాఖ' 1985లో రెండుగా విభజింపబడెను. 2013 జూలై 14తో ప్రభుత్వ తంతిసేవ ముగిసెను. ఇప్పుడా మాట నిఘంటువులందును, పాత కథలందును, పెట్టెలలో దాచిన పసుపువారిన కాగితములందును మిగిలియున్నది. పాత కథలో 'తంతి అందెను' అను వాక్యము చదివిన బాలునకు, ఆ యింటివారు చదువకమునుపే యేల యేడ్చిరో తెలియవలదా? నిఘంటువు అర్థము చెప్పగలదు. ఆ యేడుపునకు కారణము చెప్పవలసినవారు పెద్దలు. అట్టి పుస్తకమును, అట్టి పెద్దలను ఒకచోట చేర్చునది గ్రామ గ్రంథాలయము. మరియొకరు వచ్చి చదివి చెప్పువరకు ఏ యింటను కన్నీటితో వేచియుండు నవసరము రాకుండుటకే యిట్టి సంస్థలు వెలసినవి.