పరదేశవాసము: పత్రము, దీపము



వానలు వెనుకపట్టినపుడు విరాటపర్వము చదివించుట మన పల్లెలలో పాత వాడుక. వాన మాట యెట్లున్నను, పరదేశమున బ్రదుకబోవువారు తప్పక చదువదగిన పర్వమది. రాజ్యము కోల్పోయిన పాండవులు మత్స్యదేశమున అన్యులు. ఒక్కొక్కరుగా విరాటుని కొలువునకు వచ్చి, తన పేరును, తనకు వచ్చిన పనిని చెప్పుకొనిరి. పూర్వము ధర్మరాజు కొలువున నుంటిమన్న మాటయే వారికి యోగ్యతాపత్రమైనది. పేరు మార్చుకొని వచ్చినను, పని చూచి విరాటుడు చోటిచ్చెను. నేటి రాజ్యములు అట్లు చోటీయవు. పని యెంత వచ్చినను, పాసుపోర్టులో నొక విధముగను, ఇంటి అద్దెపత్రములో మరొక విధముగను పేరుండిన, గుమాస్తా తల యెత్తి చూడడు.

కాగితము లేని పరదేశవాసము ఎట్టిదో తెలుగువారు ఎరుగనిది కాదు. కోరంగి రేవున ఓడలెక్కి రంగూనునకు పోయిన మనవారిని అక్కడ కోరంగీలనియే పిలిచిరి. రేవులో మూటలు మోసినవారును, బియ్యపుమిల్లులలో పనిచేసినవారును అందు పెక్కురు. 1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడినది. 1948 జనవరి 4న స్వతంత్రమైనది. ఆ యేటనే పౌరసత్వ చట్టములు వచ్చినవి. నిన్నటివరకు ఒకే ప్రభుత్వము క్రింద నున్నవారు నేడు విదేశీయులైరి. పౌరసత్వము పొందనివారు విదేశీయుల నమోదుపత్రము తీసికొని, ఏటేట రుసుము కట్టి, దానిని దగ్గర నుంచుకొనవలసివచ్చినది. తాను ఏ యేట వచ్చెనో, బిడ్డ ఏ యేట పుట్టెనో రుజువు చూపుమన్న, చదువురాని కూలివాడు ఏమి చూపగలడు? 1962లో సైనిక ప్రభుత్వము వచ్చినది. 1964లో దుకాణములు జాతీయము చేయబడినవి. 50, 100 చాట్ల నోట్లు రద్దైనవి. లక్షలాది భారతీయులు తిరుగు ఓడ ఎక్కిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ పేరుతోనే యున్నది. ఆ దుర్గతికి కాగితమొక్కటే కారణమనుట సరికాదు, మూలము రాజకీయము. కాని కాగితము లేనివానికి వాదించుకొనుటకైనను నేల మిగులలేదు.

ఇప్పుడు కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్టలనుండి, పత్తి, మిరప అమ్మిన డబ్బుతోను, బ్యాంకు అప్పుతోను పిల్లలు పోవునది ఎక్కువగా అమెరికాకు. 2008లో హైదరాబాదున ఆ దేశపు కాన్సులేట్ తెరవబడిన పిదప, వీసాకై చెన్నపట్టణమునకు పోవు ప్రయాస తగ్గినది. టెక్సాస్ రాష్ట్రమున డల్లాస్ చుట్టుపట్ల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో పట్టణములలో తెలుగువారు దట్టముగా నున్నారు. కావున ఆ రాష్ట్రపు పద్ధతినే ముచ్చటించుట మేలు.

మొదటి చిక్కు పేరు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. బడిలో ఇంటిపేరును ఒక్క పొడియక్షరముగా కుదించి వ్రాయుదురు. పదవ తరగతి పత్రమున అదియే అచ్చగును. తరువాత పాసుపోర్టులో పేరంతయు ఒకే గడిలో పడి, రెండవ గడి ఖాళీగా మిగిలినచో, అమెరికా వీసాలో సొంతపేరు తెలియదను అర్థముగల ఎఫ్.ఎన్.యు. అను మూడక్షరములు చేరును. తాతపేరు ముద్దుగా పెట్టుకొన్న పిల్లవాడు అక్కడి కాగితములలో ఆ మూడక్షరములవాడై తిరుగును! అద్దె ఇంటివారు ఒక విధముగను, బ్యాంకువారు మరొక విధముగను వ్రాసికొందురు. దీనికి మందు అమెరికాలో లేదు. పదవ తరగతికి పేర్లు పంపునాడు బడిలోను, పాసుపోర్టు దరఖాస్తు నింపునాడు ఇంటిలోను ఉన్నది.

రెండవ చిక్కు గడువు. వీసా యనునది గుమ్మమువరకు వచ్చుటకే అనుమతి. లోపల ఎంతకాలముండవచ్చునో తెలుపునది ఐ-94 అను నమోదు. హెచ్-1బి ఉద్యోగముపై పోవువాని పాసుపోర్టు గడువు తక్కువగా నుండిన, ప్రవేశద్వారమున అధికారి ఐ-94 గడువును పాసుపోర్టు ముగియు తేదీకే కుదించవచ్చును. వీసాపై తేదీ చూచుకొని నిశ్చింతగా నున్నవాడు, తప్పేమియు చేయకయే గడువు మీరినవాడగును. దిగిన దినముననే ఆ నమోదును ప్రభుత్వపు వెబ్‌సైటులో చూచి అచ్చు తీసికొనవలెను. భార్యాబిడ్డలవి వేరువేరుగా చూడవలెను. ఇల్లు మారిన పది దినములలో కొత్త చిరునామా తెలుపవలెను: విద్యార్థి తన కళాశాల అధికారి ద్వారా, ఇతరులు ఏ.ఆర్.-11 ఫారము ద్వారా. ఈ బాధ్యతకు మూలము 1940 నాటి విదేశీయుల నమోదు చట్టము. మనవారు అంతగా పట్టించుకొననిదియు ఇదియే.

ఇక దీపము. మన ఊరిలో కరెంటు సర్వీసు ఇంటిది. మీటరు యజమాని పేర నుండును. అద్దెవాడు వచ్చును, బిల్లు కట్టును, పోవును. టెక్సాస్‌లో చాలచోట్ల సర్వీసు మనిషిది. చేరువాడు తన పేర తెరిపించుకొనవలెను. 2002 జనవరినుండి ఆ రాష్ట్రపు పెక్కు భాగములలో తీగెలు చూచువారు వేరు, కరెంటు అమ్మువారు వేరు. డల్లాస్‌లో తీగెలు ఆన్‌కోర్ సంస్థవి. అమ్ముటకు మాత్రము అంగడి వీథివలె కంపెనీలు పెక్కు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరములలో నగరపాలక సంస్థలే యిచ్చును గనుక అక్కడ ఈ బేరము లేదు.

కంపెనీవారు సోషల్ సెక్యూరిటీ సంఖ్య అడుగుదురు. పని అనుమతి లేని విద్యార్థికి ఆ సంఖ్య రాదు. అప్పు తీసికొని తీర్చిన చరిత్రయు ఉండదు. మన ఊరిలో అప్పులేనివాడు గొప్పవాడు. అక్కడ అప్పే యెరుగనివాడు అనుమానితుడు. పాసుపోర్టు చూపినను ధరావతు కోరుదురు. అది ఏడాది బిల్లు అంచనాలో ఐదవవంతు, రెండు నెలల బిల్లు, ఈ రెంటిలో ఏది పెద్దదో దానికి మించరాదని రాష్ట్ర నియమము. పన్నెండు నెలలు ఆలస్యము లేక కట్టినవానికి ధరావతు తిరిగి రావలెను. నలుగురు పిల్లలు ఒకే ఇంట నున్నపుడు సర్వీసు ఒక్కని పేర నుండును. మువ్వురు తమ వంతు ఈయకపోయిన, బాకీ వాని పేరనే నిలుచును. స్నేహము చెడక మునుపే వంతులు వ్రాసికొనుట మర్యాదకు లోపము కాదు.

ధరల పట్టికను ప్రతి కంపెనీయు చూపవలెను. అందు 500, 1,000, 2,000 యూనిట్ల వాడకమునకు సగటు ధర వేరువేరుగా నుండును. చవుక యని పెద్ద అక్షరములతో ప్రకటించునది తరచుగా 1,000 యూనిట్ల ధర. అంత వాడినవానికే తగ్గింపు. 600 యూనిట్లు వాడిన పొదుపరికి అదే కరెంటు ప్రియమగును. పత్రికల బల్ల ప్రక్కన ఇట్టి పట్టిక, అద్దెపత్రపు నమూనా, తెలుగు వివరణతో నుంచుట గ్రంథాలయమునకు తగిన పని. పిల్లవాడు విమానమెక్కకముందే తల్లియు చదువుకొనగలదు.

టోకు ధర ననుసరించి గంటగంటకు మారు ఒప్పందములు మరొక ప్రమాదము. 2021 ఫిబ్రవరి మంచుతుపానులో టోకు ధర యూనిటుకు 9 డాలర్లకు చేరగా, అట్టి ఒప్పందము గలవారికి కొలది దినములలోనే వేలాది డాలర్ల బిల్లు వచ్చినది. ఆ యేటనే రాష్ట్ర శాసనసభ గృహస్థులకు అట్టి ఒప్పందములను నిషేధించినది. ధర స్థిరముగానున్న ఒప్పందమునకైనను గడువుండును. ఆ తేదీని గోడపంచాంగముపై గుర్తించుకొననివాడు, గడువు తీరిన మరునెలనుండి హెచ్చుధర చెల్లించును.

ఇల్లు విడుచునాడు చేయవలసినది కూడ నున్నది. కువైట్‌లో 2023నుండి విదేశీయుడు కరెంటు బాకీ తీర్చనిదే దేశము దాటరాదని నియమించిరి. అక్కడ మరచిపోవుటకు వీలులేదు. టెక్సాస్‌లో అట్లు అడ్డగించువారు లేరు. సర్వీసు ఆపుమని తానే తేదీ చెప్పవలెను; లేనిచో తాను లేని ఇంటి దీపమునకు తన పేర బిల్లు నడుచును. ఇల్లు మారుటచే ఒప్పందము నడుమ తెగినపుడు, మారినట్లు రుజువు చూపినవానికి జరిమానా వేయరాదు. చివరి బిల్లు వెనుకనుండి వచ్చును గనుక, అది చేరవలసిన కొత్త చిరునామాను ఆ దినముననే వ్రాసి యీయవలెను.