స్క్రీన్ చూస్తున్నారా, ఆకాశం చూస్తున్నారా?

ఫ్రెండ్స్, సరదాకి చిన్న విమానాలు నడిపేవాళ్లు ఇప్పుడు ఐప్యాడ్‌లో మ్యాప్ పెట్టుకునే ఎగురుతున్నారు. మంచిదే. కానీ మన శ్రీకాకుళం పక్కనే మహేంద్రగిరి ఉంది కదా, 1,501 మీటర్లు! మ్యాప్‌లో గీసిన గీత దాన్ని తప్పించదు, మనమే తప్పించాలి.

2009 సెప్టెంబర్ 2. వైఎస్ గారి హెలికాప్టర్, బెల్ 430. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో తేడా వచ్చింది. ఏం చెయ్యాలో మాన్యువల్‌లో వెతుకుతూ పైలట్లు సుమారు ఆరు నిమిషాలు అందులోనే మునిగిపోయారని విచారణ కమిటీ చెప్పింది. ఆరు నిమిషాలు! బయటేమో వాతావరణం ముదిరిపోతోంది. నల్లమలలో కూలిపోయింది.

వాళ్లు ఇద్దరు, అదీ ప్రొఫెషనల్స్. హాబీ పైలట్ ఒక్కడే ఉంటాడు. అందుకే రూట్ సెట్టింగ్ అంతా నేల మీదే అయిపోవాలి. గాల్లో చూపు బయటే, స్క్రీన్ మీద జస్ట్ ఓ క్షణం. పైగా ఎండకి ఐప్యాడ్ వేడెక్కి ఆగిపోతుంది, మన మే నెల ఎండ తెలుసుగా! పేపర్ చార్ట్ చేతికందేలా ఉంచుకోండి.