అనుదినం మాత్ర, అనుదినం ప్రార్థన

(రావల్కోల్‌లో రోగుల కుటుంబ సభ్యుల కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

మీలో ప్రభువును ఎరిగినవారున్నారు, ఎరుగనివారూ ఉన్నారు. మంచం మీద ఉన్న మీ మనిషి కోసం పడే ఆరాటం మాత్రం అందరిదీ ఒకటే. గనుక ఈ నాలుగు మాటలు అందరికీ చెబుతున్నాను.

మా నాన్నగారికి టీబీ వచ్చినప్పుడు నేను బడికి వెళ్లే పిల్లవాణ్ణి. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకు జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, అన్నం సయించింది. అప్పుడే మా ఇంట్లో మూడు రోజుల ఉపవాస కూడిక జరిగింది. రాత్రంతా పాటలు, కన్నీటి ప్రార్థనలు. చివరి రాత్రి నాన్నగారు లేచి నిలబడి, తనకు స్వస్థత కలిగిందనీ, ఇక మాత్రలు అక్కరలేదనీ సాక్ష్యం చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నాలుగు నెలలు తిరగకముందే దగ్గులో రక్తం పడింది. మళ్లీ మొదటినుంచి వైద్యం. ఈసారి మాత్రలతోపాటు ఇంజక్షన్లు కూడా, మునుపటికంటే ఎక్కువ కాలం. కూడికకు వచ్చినవారిలో చాలామంది ఆ తరువాత మా గడప తొక్కలేదు. మా అమ్మ మాత్రం ప్రతి ఉదయం ఒక చేతిలో మాత్రలు, ఒక చేతిలో మంచినీళ్ల గ్లాసు పట్టుకొని నాన్నగారి పక్కన నిలబడేది. రెండు మాటలు ప్రార్థన చేసేది. ఆయన మింగాక గోడమీది క్యాలెండర్‌లో ఆ తేదీ మీద గీత పెట్టేది. ఒక్కరోజు కూడా మానలేదు. నాన్నగారు బతికారు. దేవుడే స్వస్థపరిచాడని మేము ఈనాటికీ సాక్ష్యం చెబుతాము. ఆ క్యాలెండర్ గీతల సంగతి కూడా చెబుతాము.

ప్రియులారా, ఉజ్జీవ కూడికలు చెడ్డవని నేను అనడం లేదు. పొయ్యి అంటించడానికి గడ్డి కావాలి. కాని గడ్డిమంట మీద అన్నం ఉడకదు. భగ్గున లేస్తుంది, చప్పున ఆరిపోతుంది. అన్నం ఉడకాలంటే కట్టెలు ఎగదోస్తూ ఒకరు పొయ్యి దగ్గర కూర్చోవాలి. మన భక్తిలోనూ ఆరంభశూరత్వం ఎక్కువ. కూడికలో చేసిన తీర్మానం సోమవారం ఉదయానికి చల్లారిపోతుంది.

పరిశుద్ధ గ్రంథంలో ఏలీయా ప్రవక్తను చూడండి. కర్మెలు పర్వతం మీద ఆయన ప్రార్థించగా ఆకాశంనుండి అగ్ని దిగింది. అంతకంటే గొప్ప కూడిక ఏముంటుంది? అయినా యెజెబెలు బెదిరింపు వినగానే ఆయన అరణ్యానికి పారిపోయి, ఒక చెట్టు క్రింద కూర్చొని చావును కోరుకున్నాడు. అప్పుడు దేవుడు మరొకసారి అగ్నిని పంపలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు పంపించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ఆ తిండి బలంతో ఆయన నలభై దినాలు నడిచాడు. రోగి దగ్గర రాత్రింబగళ్లు ఉండే మీకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. మీరు కూడా వేళకు తినండి, వంతులు వేసుకొని నిద్రపోండి. అలసిపోవడం అవిశ్వాసం కాదు.

ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన మన్నా కూడా అటువంటిదే. విశ్రాంతిదినానికి తప్ప, ఏ రోజుది ఆ రోజే కూర్చుకోవాలి. రేపటికని దాచినది పురుగు పట్టింది. నిన్నటి ప్రార్థన, నిన్నటి మాత్ర ఈ రోజుకు సరిపోవు.

మనకు దగ్గరలోనే దీనికొక సాక్ష్యం ఉంది. ఈ మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వెళ్లే రైలు దారిలో డిచ్‌పల్లి వస్తుంది. స్కాట్లాండ్‌నుండి డాక్టర్ ఇసబెల్ కెర్ అనే దొరసాని, భర్త జార్జ్ కెర్ గారితో కలిసి 1907లో మన దేశానికి వచ్చి, నిజామాబాద్‌లో వైద్యసేవ చేశారు. కుష్ఠురోగులను ఊరివారు వెలివేయడం చూసి, వారికోసం 1915లో డిచ్‌పల్లిలో ఆశ్రమం తెరిచారు. నర్సాగౌడ్ అనే హైందవ ధనికుడు అందుకు ధనసహాయం చేశాడు. ఆ కాలంలో కుష్ఠుకు ఈనాటి మందులు లేవు. హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనెను ఇంజక్షన్‌గా ఇచ్చేవారు. నొప్పి పెట్టే సూది అది, నెలల తరబడి పొడిపించుకోవాలి. ఒక్క సూదితో ఎవరికీ మచ్చ పోలేదు. ఆమె మళ్లీ ఇచ్చారు, రోగులు మళ్లీ వచ్చారు. 1932లో ఆమె చనిపోయేనాటికి కుష్ఠును నిజంగా అణచగల సల్ఫోన్ మందులు ఇంకా రానేలేదు. అయినా ఆమె తనకు దొరికిన మందుతోనే, తనకు దొరికిన దినాల్లోనే సేవ చేశారు.

ఈనాడు కుష్ఠుకు బహుళ ఔషధ చికిత్స ఉచితంగా దొరుకుతుంది. వ్యాధి రకాన్నిబట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని వాడాలి. మామూలు టీబీకి కనీసం 6 నెలలు. ఒకప్పుడు టీబీ మందును వారానికి మూడు రోజులు ఇచ్చేవారు. 2017నుండి మన దేశంలో ప్రతిరోజూ ఇచ్చే పద్ధతి తెచ్చారు. కొద్ది వారాల్లోనే దగ్గు తగ్గవచ్చు. కాని లోపల క్రిములు ఇంకా మిగిలే ఉంటాయి. అప్పుడు మానేస్తే ఆ మిగిలినవి మందుకు లొంగని మొండి క్రిములుగా మారవచ్చు. ఏరు దాటకముందే తెప్ప తగలేసినట్టవుతుంది. షుగర్, బీపీలకైతే బాగున్నట్టు అనిపించినా మందు వాడుతూనే ఉండాలి.

గనుక ఇంటికి వెళ్లాక ఈ కొద్ది సంగతులు పాటించండి.

మందు వేళ, ప్రార్థన వేళ ఒకటిగా పెట్టుకోండి. ప్రార్థన చిన్నదైనా ఫరవాలేదు, మానకండి. మాత్ర వేసిన ప్రతిసారీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.

ఒక పూట మరచిపోతే, మీ అంతట మీరు రెండింతలు వేయకండి. డాక్టరుగారిని గాని నర్సమ్మను గాని అడగండి. వాంతులు, కళ్లు పచ్చబడటం, చూపు మసకబారడం కనబడితే దాచకుండా వెంటనే చెప్పండి.

రోగి చేత ఉపవాసం చేయించకండి. షుగర్ మందు వేసుకొని తినకుండా ఉంటే ప్రాణాపాయం రావచ్చు. ఉపవాసం ఉండదలచిన మిగతావారికి కూడా షుగర్ ఉంటే ముందుగా డాక్టరును అడగాలి.

స్వస్థత కూడికకు వెళ్లండి, ప్రభువును స్తుతించండి. తిరిగి వచ్చి ఆ రాత్రి మాత్ర వేయండి. స్వస్థత కలిగిందని మీరు నమ్మితే, పరీక్ష చేయించుకోండి. మందు ఆపమని చెప్పవలసినది డాక్టరే. కుష్ఠురోగిని బాగుచేసిన యేసుప్రభువు కూడా అతణ్ణి యాజకునికి చూపించుకోమని పంపాడు కదా!

చివరిగా ఒక్క మాట. మీ బంధువుల్లో, మీ సంఘంలో ఎవరైనా జబ్బుపడితే మొదటి వారంలో అందరూ వెళ్తారు. మీరు నాలుగో నెలలో వెళ్లండి. అప్పుడా ఇంట్లో ఎవరూ ఉండరు. డబ్బు అయిపోయి ఉంటుంది, ఓపిక అయిపోయి ఉంటుంది, ఈ మాత్రలు ఇంకెన్నాళ్లు అని రోగి విసుగుపడుతుంటాడు. ఒక పూట వంట చేసిపెట్టి, పక్కన కూర్చొని, మాత్ర మింగించి రండి.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, ఈ బిడ్డలు అలసిపోయి ఉన్నారు. ఏలీయాకు ఇచ్చినట్టు వీరికి ఈ రాత్రికి నిద్రను, రేపటికి బలాన్ని ఇవ్వండి. మందు చేదైన దినాన, ప్రార్థన రాని దినాన కూడా మానకుండా ఉండే ఓర్పును దయచేయండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.