ఫోన్ ఎత్తని ఆదివారం

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతతో చేసిన ప్రసంగం)

చదువుల గురించి, రిజర్వేషన్ల గురించి నా ముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నేను ఇంటి సంగతి ఒకటి చెప్తాను.

మాది దివిసీమ. యానాదులం. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చేనాటికి నాకు రెండేళ్లు. అమ్మా నేనూ మోపిదేవి దగ్గర అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నాం కాబట్టి మిగిలాం. నాన్న పని మీద అవనిగడ్డ వెళ్లి మిగిలాడు. నాన్న తమ్ముడు, మా బాబాయి, నాగాయలంక అవతల కాలవగట్టు మీద గుడిసెలో ఉండిపోయాడు. సర్కారు లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయిన ఉప్పెన అది. బాబాయి శవం కూడా దొరకలేదు.

ఆ పొద్దున వల చింపుకొచ్చాడని నాన్న బాబాయిని తిట్టాడంట. "నాకు మొహం చూపించబాక" అన్నాడంట. ఆ తర్వాత నలభై ఏళ్లు బతికాడు నాన్న. మామూలప్పుడు ఆ ఊసే ఎత్తేవాడు కాదు. కల్లు తాగిన రోజు మాత్రం "వలెంత, వాడెంత" అని ఏడ్చేవాడు. నాన్నకు మళ్లీ వల గుర్తొచ్చిందని పిల్లలం నవ్వుకునేవాళ్లం.

అది వింటూ పెరిగిన నేను ఏం చేశానో వినండి.

అమ్మ పెద్దకర్మ ఖర్చుల దగ్గర నాకూ మా తమ్ముడికీ మాటా మాటా పెరిగింది. వాడు విజయవాడ సింగ్ నగర్‌లో ఉండి ఆటో తోలుకుంటాడు. ఎనిమిది నెలలు మాటల్లేవు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు సింగ్ నగర్ మీద పడింది. పొద్దున్నే వాడు ఫోన్ చేశాడు. పేరు చూసి మోగనిచ్చాను. మళ్లీ డబ్బు సంగతే అనుకున్నాను.

టీవీలో చూసి నేను చేసేసరికి స్విచ్ ఆఫ్. అక్కడ కరెంటు లేదు, చార్జింగ్ లేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నేను సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర నిలబడ్డాను. బోట్లలో మనుషుల్ని తెచ్చి అక్కడ దించుతున్నారు. పైన డ్రోన్లు అన్నం పొట్లాలు మోసుకెళ్తున్నాయి. వచ్చిన ప్రతి బోటులో వాడి మొహం వెతికాను. నాన్న వల నాకు అప్పుడు అర్థమైంది.

మూడో రోజు సాయంత్రం దిగాడు, చిన్నకూతుర్ని భుజాన వేసుకుని. నేనేమన్నానో తెలుసా? "తిన్నావా?" అన్నాను. మన అమ్మలు మనకు నేర్పిన ప్రేమ మాట అదే. మంచి మాటే. కానీ ఆ రోజు అది చాలలేదు. "కావాలనే ఎత్తలేదురా" అని చెప్పాల్సింది లోపలే ఉండిపోయింది. అది చెప్పడానికి ఇంకో పది రోజులు పట్టింది. వాడింట్లో బురద ఎత్తుతూ, ఎటో చూస్తూ చెప్పాను. వాడు చీపురు ఆపలేదు. "తెలుసులే అన్నా" అన్నాడు.

బోటు దిగినప్పటి ప్రేమ తేలిక. అందరూ కౌగలించుకుంటారు. తర్వాత నేల అంతస్తు ఇళ్లకు 25 వేల సాయం ప్రకటించారు. పేరు ఎవరిది రాయించారు, డబ్బు ఎవరి ఖాతాలో పడింది అని మా చుట్టాల్లోనే అన్నదమ్ములు కొట్టుకునేదాకా వచ్చారు. నోరు తెరిచి మంచి మాట అనాల్సింది అప్పుడు.

మీరు స్టేటస్‌లు పెడతారు, ఎర్ర గుండెలు పంపుతారు. తప్పులేదు, మాకు అదీ రాదు. కానీ తండ్రి పోయిన స్నేహితుడికి మెసేజ్ పెట్టి ఊరుకోకండి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కలవాళ్లే అన్నం తెస్తారు కదా, అలా వెళ్లండి. "ధైర్యంగా ఉండు" అనక్కర్లేదు. పక్కన కూర్చోండి. పోయినాయన గురించి మీకు గుర్తున్నదేదో చెప్పండి, నవ్వొచ్చేదైనా సరే. అమ్మానాన్నలతో ప్రేమ అనే మాట అనడానికి సిగ్గేస్తే, "నువ్వు పీతలు పట్టి కట్టిన ఫీజుతోనే నేను చదివాను నాన్నా" అనండి. ఆయన బహుశా "సర్లే, అన్నం తిను" అంటాడు. ఆ తర్వాత చాటుగా మీ అమ్మతో నాలుగుసార్లు చెప్పుకుంటాడు.

మా తమ్ముడు వెనక వరసలో, ఆ ఫ్యాను కింద కూర్చున్నాడు. ఇంటి గుట్టు మైకులో చెప్పానని బయటికెళ్లాక తిడతాడు. తిట్టనీ.