కోటగడ్డలో కొలిమి



పాత నగరం అనగానే మనకు హంపీయో గోల్కొండో గుర్తొస్తుంది. బురుజులుండాలి, గోడలు నిలబడి ఉండాలి, గైడు వెంటపడాలి. మన సంగారెడ్డికి పదీ పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండాపూర్‌లో ఇవేవీ కనిపించవు. అక్కడున్నది ఒక మట్టి దిబ్బ. ఊళ్లోవాళ్లు కోటగడ్డ అంటారు.

1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తరఫున గులాం యజ్దానీ ఆ గడ్డను తవ్వించారు. శాతవాహనుల కాలపు ఊరు బయటపడింది. ఇటుక గదులు, బౌద్ధ స్తూపం, చైత్యం, పూసలు, శంఖం గాజులు, కుప్పలుగా సీసం నాణేలు. యజ్దానీ దాన్ని టంకశాలల పట్టణం అన్నారు.

నాణేల మాటెత్తి ఒక ఊరిని టంకశాల అంటే నేను తొందరపడి ఒప్పుకోను. నాణెం చేతులు మారుతూ ఎంత దూరమైనా పోతుంది. మూస అలా పోదు. పని జరిగిన చోటే పగిలి, అక్కడే పారేస్తారు. కొండాపూర్‌లో లోహం కరిగించిన మూసలూ, నాణేలు పోసే అచ్చులూ దొరికాయి. నన్ను ఒప్పించింది ఆ పెంకులే. మన కంసాలి ఇప్పటికీ వాడే మాట చూడండి, మూస! ఫౌండ్రీలో క్రూసిబుల్ అంటున్నారు గానీ వస్తువు అదే.

సీసం 327 డిగ్రీల వేడికే కరుగుతుంది. రాగికైతే 1085 కావాలి. అంటే సీసం నాణేనికి పెద్ద కొలిమి అక్కర్లేదు, బొగ్గులూ తిత్తీ చాలు. సంతలో ఉప్పుకీ కూరకీ చెల్లే చిల్లర అలా తయారైంది. దాని మీద ఏనుగు, బ్రాహ్మి లిపి, ప్రాకృత భాషలో రాజు పేరు.

బంగారం మాటేమిటి? రోమ్ చక్రవర్తి టైబీరియస్ పేరున్న బంగారు నాణెం అక్కడ దొరికింది. ఆయన పాలించింది క్రీ.శ. 14 నుంచి 37 దాకా. నాకు అంతకంటే ఇష్టమైనది దాని నకలు. రోమ్ నాణెం బొమ్మను మట్టిలో అచ్చొత్తి, కాల్చి, దారం కట్టి మెళ్లో వేసుకునే బిళ్లలు. అసలు కొనలేని ఇల్లాలి సరదా అది. మన అమ్మమ్మల కాసులపేరు, ఇప్పటి వన్‌గ్రామ్ గోల్డు, అన్నిటికీ ఆ మట్టిబిళ్ల పెద్దక్క.

కోటగడ్డ ఇలా మిగిలింది గానీ, పటాన్‌చెరు సంగతి వేరు. అదీ పాత నగరమే, పొట్లకెరె. పదకొండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య జయసింహుడికి రాజధానుల్లో ఒకటి, పేరున్న జైన క్షేత్రం. కానీ ఆ ఊరి మీద ఊరు, దాని మీద షెడ్లూ కాలనీలూ లేచాయి. పునాది తవ్వేటప్పుడు రాతి విగ్రహం తగిలితే పని ఆగుతుందని భయపడే కాంట్రాక్టరును నేను తప్పుపట్టను గానీ, ఒక్క ఫోటో అయినా తీసి కబురు చేస్తే బాగుండు. కోటగడ్డ మీద ఎవరూ ఇల్లు కట్టుకోలేదు కాబట్టి మనకు దక్కింది. 2009 తర్వాత కేంద్ర పురావస్తు శాఖ మళ్లీ తవ్వితే ఇంకా సరుకు బయటపడింది.

దిబ్బ దగ్గరే మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకెళ్లండి. మట్టిబిళ్లలు చిన్నవి, అద్దానికి మొహం ఆనించి చూడాలి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.