ఇల్లు దానంతటదే గడవలేదు

(హైదరాబాదులో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'లాక్‌డౌన్ కాలంలో కుటుంబం' అన్న విషయం మీద మాట్లాడమని నన్ను అడిగారు. కుటుంబం అనేది చాలా పెద్ద మాట. దాని మీద సిద్ధాంతాలు చెప్పడం మొదలుపెడితే నాకు మాత్రం బాగుంటుంది, మీకు నిద్ర వస్తుంది. అందుకని ఒక చిన్న ముక్క తీసుకుంటాను: సరుకులు. బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, నీళ్ళు. అవి ఇంట్లోకి ఎట్లా వచ్చాయి, ఎవరి చేతుల మీదుగా వచ్చాయి, ఎవరి పళ్ళెంలోకి వెళ్ళాయి అన్నదే నా విషయం. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు అంటారేమో. ఆ రోజుల్లో రోగుల లెక్కా, మృతుల లెక్కా రోజూ సాయంత్రం చెప్పారు. ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఎవరూ రాసుకోనిది త్వరగా మరపుకొస్తుంది.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో కనిపించి, ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతా మూసేస్తున్నామన్నారు. నాలుగు గంటల వ్యవధి. తెలంగాణలో మార్చి 22 జనతా కర్ఫ్యూ నుంచే మనం ఇళ్ళల్లో ఉన్నాం. మర్నాడు ఉగాది. మా వీధి వేపచెట్టు నిండా పువ్వుంది గానీ మామిడికాయ దొరకలేదు, కొత్త బెల్లం దొరకలేదు. మా అత్తగారు నిమ్మకాయ పిండి, ఉన్న పాత బెల్లమే వేసి పచ్చడి కలిపారు. "పులుపు పులుపేగా" అన్నారు. ఆ రోజు ఆ మాటకి నవ్వుకున్నాం. తర్వాత రెండు నెలలూ ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు చేసిన పని అదేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. లేనిదాన్ని ఉన్నదానితో సర్దడం, ఆ సర్దినట్టు కూడా ఎవరికీ తెలియనివ్వకపోవడం.

మన దేశంలో సరుకులు కొనే పద్ధతులు రెండున్నాయి. నెల జీతాల ఇళ్ళల్లో మొదటి వారంలో చీటీ రాసి నెల సరుకులు తెచ్చుకుంటారు. రోజు కూలి ఇళ్ళల్లో సాయంత్రం పని నుంచి వస్తూ పావు కిలో పప్పు, పది రూపాయల నూనె ప్యాకెట్టు, ఆ పూటకి రెండు ఉల్లిగడ్డలు తెచ్చుకుంటారు. లాక్‌డౌన్ ప్రకటించినవాళ్ళ మనసులో మొదటి రకం ఇల్లే ఉంది. డబ్బాల నిండా సరుకులు, కొళాయి తిప్పితే నీళ్ళు, ఇంకో సిలిండరు, ఇవన్నీ చూసుకునే ఒక ఆడమనిషి. 'ఇంట్లోనే ఉండండి' అన్న ఆదేశానికి ఈ నాలుగూ పునాది. పునాది గురించి ఎవరూ మాట్లాడరు, అది భూమిలో ఉంటుంది కదా.

మాలాంటివాళ్ళం 23వ తేదీనే దుకాణాల మీద పడి తెచ్చుకున్నాం. నేనూ తెచ్చాను, దాచుకోవడం ఎందుకు. అయిదు కిలోల కందిపప్పు. మూడో వారంలో కూడా అందులో సగం మిగిలే ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆమె బస్తీలో కిరాణా కొట్టులో పప్పు ధర పెరిగింది, తర్వాత పప్పే లేదు, ఆ తర్వాత కొట్టతను ఖాతా రాయడం మానేశాడు. ఖాతా అంటే అప్పే అయినా, అది ఆమె మాట మీద నడిచిన అప్పు. ఏళ్ళ తరబడి వారం వారం తీర్చి నిలబెట్టుకున్న పరపతి. మొగుడి ముఖం చూసి ఇచ్చింది కాదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. తెలంగాణలో ఆహార భద్రత కార్డులున్న ఇళ్ళకు మనిషికి 12 కిలోల చొప్పున బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇస్తామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యంతో పాటు వెయ్యి రూపాయలన్నారు. కేంద్రం మార్చి 26న మనిషికి 5 కిలోల ధాన్యం, ఇంటికి కిలో పప్పు, జన్‌ధన్ ఖాతాలున్న స్త్రీలకు మూడు నెలల పాటు నెలకు 500, ఉజ్జ్వల కనెక్షన్లున్నవారికి ఉచితంగా సిలిండర్లు ప్రకటించింది. కాగితం మీద చూస్తే బాగానే ఉంది. నేను చెప్పే ఆమె ఇంట్లో కార్డు మీద నలుగురు. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది కిలోలు. ఆటోలు లేవు. డిపో నుంచి ఇంటికి ఆమె, పదో తరగతి చదివే కూతురు కలిసి నాలుగుసార్లు తిరిగి నెత్తిన మోసుకొచ్చారు. బియ్యం వచ్చింది, దాంట్లోకి కూర లేదు. చింతపండు పులుసు, పచ్చి మిరపకాయ, ఎప్పుడైనా ఓ గుడ్డు. గుడ్డు ఎవరికి అని నేనడిగితే ఆమె నావైపు వింతగా చూసింది. "పోరగానికి" అంది, ఇంకెవరికిస్తారు అన్నట్టు.

ఆమెకు పొదుపు సంఘం ద్వారా తెరిచిన బ్యాంకు ఖాతా ఉంది. కానీ అది జన్‌ధన్ ఖాతా కాదు. అందుకని నెలకు 500 ఆమెకు రాలేదు. మన రాష్ట్రాల్లో స్త్రీలు ఎంతో ముందే సంఘాలు పెట్టుకుని బ్యాంకు గడప తొక్కారు. ముందు తొక్కినందుకే కొందరు జాబితాలో లేకుండా పోయారు.

ఇక బజారు. ఇంటికొకరే బయటికి రావాలి, మూడు కిలోమీటర్లు దాటకూడదు, రాత్రి 7 తర్వాత ఎవరూ కనబడకూడదు అన్నారు. ఆ ఒక్కరూ ఎవరు? చాలా ఇళ్ళల్లో మగవాళ్ళే వెళ్ళారు. పోలీసులు కొడతారనే భయం ఉంది, బండి వాళ్ళదే. స్త్రీలకు ఇదొక విశ్రాంతి అని ఒక సహోద్యోగి నాతో అన్నాడు. అట్లా కాదు. కూరగాయల బజారు చాలామంది ఆడవాళ్ళకు గడప దాటడానికి దొరికే ఒకే ఒక్క కారణం. అక్కడ నలుగురితో మాట, కబురు, బేరంలో మిగిలిన అయిదు రూపాయలు. ఆ అయిదు రూపాయలే పోపుల డబ్బాలో ఆవాల కింద చేరేవి. మగవాళ్ళు తెచ్చిన కూరగాయల్లో సగం ముదురు బెండకాయలని విసుక్కోవడం మనకందరికీ గుర్తుంది, దాని మీద జోకులూ వచ్చాయి. బేరంలో మిగిలే డబ్బు పోయిందన్న సంగతి మాత్రం ఆ జోకుల్లో లేదు.

ఇంకొకటి కూడా పోయింది, దాన్ని సరుకుల్లో లెక్కవేస్తారో లేదో నాకు తెలియదు. పదకొండు గంటల నుంచి నాలుగింటి దాకా ఇల్లు ఖాళీగా ఉండే సమయం. పిల్లలు బడికీ, మగవాళ్ళు పనికీ పోయాక కాసేపు నడుం వాల్చడానికి, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఒక ఫోను చేసుకోవడానికి దొరికే సమయం. అందరూ ఇంట్లో ఉన్న రోజుల్లో టీలు నాలుగైదుసార్లు, టిఫిన్లలో కొత్తవి, యూట్యూబ్ చూసి 'ఇది చేయవచ్చు కదా' అనడాలు. వీటికి తోడు పాల ప్యాకెట్లు సబ్బుతో కడగడం, కూరగాయలు ఉప్పునీళ్ళలో వేయడం, బయటికి వెళ్ళొచ్చినవాళ్ళ బట్టలు వేరే ఉతకడం. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే బస్తీల్లో 'ఇరవై సెకన్లు చేతులు కడగండి' అంటే ఎన్ని బిందెలు? ఆ బిందెలు ఎవరు మోశారు?

లాక్‌డౌన్ ముందు, 2019లో, జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా కాల వినియోగం మీద సర్వే చేసింది. ఆరేళ్ళు దాటిన స్త్రీలలో నూటికి 81 మంది జీతం లేని ఇంటి పనులు చేస్తున్నారు, మగవాళ్ళలో నూటికి 26 మంది. చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు. మళ్ళీ 2024లో సర్వే చేస్తే 289, 88 అని తేలింది. అంటే స్త్రీలకు పది నిమిషాలు తగ్గింది, మగవాళ్ళకు తొమ్మిది. రెండు సర్వేలకూ నడుమ పడిపోయింది లాక్‌డౌన్. ఆ నెలల చాకిరీ ఈ రెండు లెక్కల్లోకీ రాలేదు. లాక్‌డౌన్ మగవాళ్ళకు ఇంటి పని నేర్పిందని అప్పట్లో చాలామంది రాశారు. నేర్పితే 2024 నాటికి ఎక్కడికి పోయిందది?

మన తెలుగు సినిమావాళ్ళ సంగతి గుర్తుందా? 2020 ఏప్రిల్‌లో దర్శకుడు సందీప్ రెడ్డి వంగా ఇంటి పని చేసి వీడియో పెట్టి రాజమౌళికి సవాలు విసిరితే, ఆయన జూనియర్ ఎన్టీఆర్‌కీ రామ్ చరణ్‌కీ విసిరాడు, చిరంజీవి దాకా వెళ్ళింది. చీపురు పట్టారు, పిండి గరిటె పట్టారు. నాకు వాళ్ళ మీద కోపం లేదు, మా అబ్బాయి ఆ వీడియో చూసే వారం రోజులు గిన్నెలు తోమాడు. ఎనిమిదో రోజు నుంచి మళ్ళీ నేనే. మగవాడు చేస్తే సవాలైంది, ఆడది చేస్తే వీడియో తీయవలసినంత విశేషం ఎవరికీ కనబడలేదు.

నిత్యావసరం అంటే ఏమిటో నిర్ణయించినవాళ్ళెవరో ఒక చిన్న సంగతిలో తెలుస్తుంది. మార్చి 24 ఉత్తర్వులో సానిటరీ నాప్‌కిన్ల ప్రస్తావనే లేదు. బళ్ళు మూసేస్తే అక్కడ పిల్లలకిచ్చేవీ ఆగిపోయాయి. మార్చి 29న హోం శాఖ కార్యదర్శి రాష్ట్రాలకు లేఖ రాస్తూ, కిరాణా అంటే సబ్బులు, నాప్‌కిన్లు వగైరా కూడా వస్తాయని వివరణ ఇచ్చారు. అయిదు రోజులు. ఒక నెలసరి పూర్తయ్యే కాలం.

ఇక నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఆమె మా ఇంటికి ఉదయం ఏడింటికి వచ్చేది. మార్చి 23 నుంచి మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర పనివాళ్ళనెవరినీ రానివ్వలేదు. జబ్బు విమానాల్లో వచ్చినా, గేటు మూసింది బస్తీ నుంచి నడిచొచ్చే వాళ్ళకి. చాలా ఇళ్ళవాళ్ళు 'పని చేయలేదు కదా' అని జీతం ఆపేశారు. నేను ఆపలేదు. ఏప్రిల్ ఒకటిన, మే ఒకటిన పూర్తి జీతం ఫోనులో పంపించాను, ఆమె కొడుకు నంబరుకు. పంపి సంతృప్తిగా ఉన్నాను. ఒకరిద్దరు పొరుగువాళ్ళకి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

జూన్‌లో ఆమె తిరిగి వచ్చాక, డబ్బు అందిందా అని అడిగాను. "ముట్టినయ్ మేడం. కొడుకు ఫోన్ల పడ్డయ్. నా చేతికి మాత్రం రాలే" అంది. కొడుకు తండ్రికి ఇచ్చాడు. ఏప్రిల్ జీతం పాత బాకీ ఒకటి తీర్చడానికి పోయింది, ఆమెకు చెప్పలేదు. మే జీతం సంగతి వేరే. తెలంగాణలో మద్యం దుకాణాలు 2020 మే 6న తెరిచారు. ఆంధ్రలో రెండు రోజుల ముందే. ఆ ఆరు వారాలూ పనిలేక, తిండి చాలక ఎంత బాధపడినా రాత్రిళ్ళు కొట్లాట లేదని ఆ బస్తీలో కొందరు నాతో అన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్ళు తిరగబడింది కూడా కూలి డబ్బు ఇల్లు చేరకముందే మాయమవుతున్నందుకే. ఆ పోరాటం గురించి నేను తరగతుల్లో పాఠం చెప్పినదాన్ని. అయినా ఆమె జీతం ఎవరి ఫోనుకి పంపుతున్నానో ఒక్క నిమిషం ఆలోచించలేదు.

అంతకుముందు పదేళ్ళుగా జీతం ఆమె చేతిలోనే పెట్టేదాన్ని. చెంగున ముడేసుకుని వెళ్ళేది. ఇంటికి వెళ్ళేలోపు అందులో కొంత విడిగా తీసి పెట్టుకునేది. ఆ నెలల్లో ఆమె తన చేత్తో తీసుకున్న డబ్బు ప్రభుత్వం వేసిన 1500 ఒక్కటే. బ్యాంకు ముందు సున్నం గీసిన గడుల్లో ఒక పూటంతా నిలబడి తెచ్చుకుంది. కార్డు ఆమె పేరు మీద ఉంది కాబట్టి అది సాధ్యమైంది. 2013 ఆహార భద్రత చట్టం 13వ సెక్షను, ఇంట్లో 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దావిడనే రేషను కార్డుకు ఇంటి యజమానిగా గుర్తించాలంటుంది. ఆ ఒక్క వాక్యం ఆ ఏప్రిల్‌లో ఆ ఇంట్లో పనిచేసింది. నా సదుద్దేశం పనిచేయలేదు.

ఇంట్లో హింస గురించి మీలో చాలామంది నాకంటే ఎక్కువ చెప్పగలరు. ఒక్క మాట. జాతీయ మహిళా కమిషన్ 2020 ఏప్రిల్‌లో ఫిర్యాదులకు వాట్సాప్ నంబరు ఇచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అది కొట్టేవాడి జేబులో ఉంటే ఫిర్యాదు ఎట్లా చేయాలో ఆ నంబరుతో పాటు చెప్పలేదు.

కేరళలో అదే మార్చి నెలాఖరుకు స్థానిక సంస్థలూ కుటుంబశ్రీ సంఘాల స్త్రీలూ కలిసి సామూహిక వంటశాలలు నడిపారు. వండింది అక్కడా ఆడవాళ్ళే, అది నేను మరిచిపోవడం లేదు. అయినా వంట అనేది ఊరి బాధ్యత, దానికి సరుకులూ ఖర్చూ బయటి నుంచి రావాలి అని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. హైదరాబాదులో అయిదు రూపాయల అన్నపూర్ణ భోజనం 2014లో మొదలైంది. నేను చూసినంతలో ఆ క్యూలో నిలబడేవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళే. ఆడవాళ్ళు తమ కోసం మాత్రమే బయట తినడానికి రారు, ఇంట్లో అందరికీ పెట్టాలి కదా. కాబట్టి అటువంటి చోట్ల ఇంటికి తీసుకెళ్ళే గిన్నెకు కూడా అన్నం ఇవ్వాలని మనం అడగాలి. ఇంటి పనివాళ్ళకు గేటు మూసిన రోజులకు కూడా జీతం హక్కుగా ఉండాలని అడగాలి. ఇంటి పనివారి కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక తెచ్చింది. ఆ ఓటింగులో మన దేశం దానికి అనుకూలంగా చెయ్యెత్తింది, ఆమోద ముద్ర మాత్రం వేయలేదు.

ఆమెకిప్పుడు సొంత ఫోను ఉంది. జీతం నేను మళ్ళీ నోట్లే ఇస్తున్నాను, ఆమే అట్లా అడిగింది. ఫోనులో పడితే ఎంత పడిందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది అంది.

నేను చెప్పవలసింది ఇంతే. మీ మీ ఇళ్ళల్లో, బస్తీల్లో ఆ నెలల్లో సరుకుల చీటీ ఎవరు రాశారు, సంచి పట్టుకుని ఎవరు వెళ్ళారు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, చివర ఎవరు తిన్నారు, ఇవి చర్చలో చెప్పండి. నేను నోటు పుస్తకం తెచ్చుకున్నాను. రాసుకుంటాను.