చదువుకొను బిడ్డలకు నిలువ నీడ



ఈ శతవార్షిక సంవత్సరములో మన పితరుల సేవను జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఆ సేవలో బోర్డింగు బడులకు గొప్ప స్థానమున్నది. మిషనరీలు అక్షరములు నేర్పుటతో సరిపెట్టలేదు. పల్లె బిడ్డలకు పండుకొనుటకు చాపయు, తినుటకు ముద్దయు ఇచ్చిరి. మనలో అనేకుల తాతలు, అమ్మమ్మలు ఆ చాపల మీద పరుండి చదివినవారే. నేడు వారి మనుమలు పట్టణములలోని కళాశాలలకు వెళ్లుచున్నారు. వారు రాత్రి ఎక్కడ పండుకొనుచున్నారో మనమెరుగుదుమా?

రాజుల రెండవ గ్రంథము 6వ అధ్యాయములో ప్రవక్తల శిష్యులు ఎలీషాతో తమ నివాసము ఇరుకైనదని మొరపెట్టుకొనిరి. వారు విద్యార్థులే. మనిషికొక దూలము కొట్టి తెచ్చుకొని ఇల్లు కట్టుకొందుమని వారే అనిరి. ఎలీషా వెళ్లుడనెను. అయితే ఒకడు, అయ్యా, మీరును మాతో రావలెనని బతిమాలగా ఆయన బయలుదేరెను. సెలవిచ్చుట వేరు, వెంట నడచుట వేరు. అక్కడ ఒకని గొడ్డలి నీటిలో పడిపోయెను. అది ఎరువు తెచ్చినదని అతడు కేకవేసెను. పేద విద్యార్థి చేతిలోనిదంతయు ఎరువు సొత్తే గదా!

చోటు లేకపోవుట అనగా ఏమో డాక్టర్ అంబేద్కరు ఎరుగును. విదేశములలో చదివి వచ్చి 1917లో ఆయన బరోడాలో ఉద్యోగమునకు చేరినప్పుడు, కులము కారణముగా ఆయనకు బస దొరకలేదు. మారుపేరుతో పారశీకుల సత్రములో ఉండగా, కర్రలు పట్టుకొని వచ్చినవారు ఆయనను వెళ్లగొట్టిరి. అప్పుడాయన ఇద్దరు మిత్రులను ఆశ్రయించెను. వారిలో ఒకడు క్రైస్తవుడు. భార్య ఊరినుండి వచ్చిన తరువాత ఆమెను అడిగి చెప్పెదనని అతడు తప్పించుకొనెను. ఈ సంగతి అంబేద్కరే వ్రాసియున్నాడు. ఆ క్రైస్తవుని ఇంటి తలుపు మన ఇంటి తలుపు వంటిది కాదని మనము నిశ్చయముగా చెప్పగలమా?

నేడు ప్రభుత్వ సంక్షేమ వసతి గృహములు, స్కాలర్‌షిప్పులు ఉన్నవి. అందుకు దేవునికి స్తోత్రము. అయినను కళాశాలలో సీటు వచ్చిన తరువాత హాస్టలులో చోటు దొరకుటకు వారములు పట్టవచ్చును. స్కాలర్‌షిప్పు సొమ్ము తరచుగా ఆలస్యముగా వచ్చును. ప్రైవేటు హాస్టలువారు అడ్వాన్సు ముందే అడుగుదురు. గది అద్దెకిచ్చువారు కొందరు మొదట కులము అడుగుదురు. అప్పుడు ఆ బిడ్డ స్నేహితుని గదిలో నాలుగు దినములు, మరియొకని గదిలో నాలుగు దినములు గడుపును. సెలవులకు హాస్టలు మూసినప్పుడు, తలిదండ్రులు వలస పోయిన పాలమూరు బిడ్డకు ఇంటికి తాళమే ఎదురగును. 18 ఏండ్లు నిండి అనాథాశ్రమము విడిచిన బిడ్డకు ఆ తాళపు ఇల్లైనను లేదు. ఇట్టివారు తమ కష్టమును బయట పెట్టరు. సిగ్గుచేత మౌనముగా చదువు మానివేయుదురు.

కాబట్టి ప్రతి పాస్టరేటును నాలుగు పనులు చేయవలెనని మనవి చేయుచున్నాను. మొదటిది, ఏ బిడ్డ ఏ పట్టణమునకు వెళ్లుచున్నాడో విద్యా సంవత్సరారంభముననే వ్రాసి, ఆ పట్టణపు గురువుగారికి తెలుపుడి. రెండవది, వారమంతయు తాళము వేసియుండు మన గదులలో కొన్నిటిని హాస్టలు దొరకువరకు తెరువుడి. ఆడపిల్లలకు ప్రత్యేకమైన గదులును, బాధ్యతగల స్త్రీల కాపుదలయు ఉండవలెను. మూడవది, అడ్వాన్సుకొరకు వడ్డీలేని నిధి నేర్పరచుడి. స్కాలర్‌షిప్పు వచ్చినప్పుడు తీర్చుదురు. నాలుగవది, ఎలీషావలె వెంట వెళ్లుడి. తహశీల్దారు కార్యాలయమునకు, హాస్టలు వార్డెను నొద్దకు పెద్ద మనిషి ఒకడు తోడు వచ్చిన, ఆ బిడ్డకు ఎంతో ధైర్యము.

ఒక్కమాట. బస ఇచ్చినందుకు బదులుగా ఆరాధనకు రమ్మని నిర్బంధింపకుడి. అన్యమతస్థుల బిడ్డ వచ్చినను అదే చాప వేయుడి. ప్రేమకు అద్దె లేదు.

ఎలీషా గొడ్డలిని తేలజేసెను గాని, దానిని తీసి అతని చేతికి అందించలేదు. నీవే తీసికొమ్మనగా, ఆ శిష్యుడే చేయి చాపి తీసికొనెను. మన సహాయమును అట్లే ఉండవలెను. దూలము మోయుటకు మన బిడ్డలు సిద్ధముగానే ఉన్నారు. వారితో యొర్దానువరకు నడచుటకు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.